రాతి మీది మూడు కందాలు, పరిశోధకుడి ఒక్క వాక్యం

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో సిద్ధాంత గ్రంథాలు పేర్చిన అరల ముందు కాసేపు నిలబడితే ఒక అలవాటు కంటబడుతుంది. ఫలానా కవి కవిత్వం – సమగ్ర పరిశీలన. ఫలానా రచయిత్రి కథలు – సామాజిక దృక్పథం. ఫలానా జిల్లా జానపద సాహిత్యం – అనుశీలన. పేర్లతో పేచీ లేదు. పేచీ లోపలుంది. మొదటి అధ్యాయం కవి జీవితం, రెండోది యుగ నేపథ్యం, తర్వాత వస్తువు, శిల్పం, చివర ఉపసంహారం. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి సేకరించిన సామగ్రి అంతా అందులో ఉంటుంది. కానీ ఇంతకీ పరిశోధకుడు ఏమంటున్నాడని అడిగితే చూపించడానికి ఒక్క వాక్యం దొరకదు.

ఆ వాక్యమే ప్రతిపాదన. ఎవరో ఒకరు కాదనడానికి వీలున్న మాట అది. కరీంనగర్ ప్రాంతంలో జానపద గేయాలు విరివిగా ఉన్నాయంటే ఎవరూ కాదనరు. ఎవరూ కాదనని మాటకు నాలుగు వందల పుటల రుజువులెందుకు?

అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డికి 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది. ఆయన సిద్ధాంత గ్రంథం ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’. విషయం చాలా పెద్దది. అయినా ప్రయోగానికి సంప్రదాయంతో ఉన్న చుట్టరికం ఏమిటన్న ప్రశ్న పేరులోనే నిలబడింది. ఏ పద్యాన్ని తీసుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో అలాంటి ప్రశ్నే చెబుతుంది. ఆ పట్టు దొరకని విద్యార్థి చదివిందంతా రాస్తాడు.

ప్రతిపాదన ఎలా పదునెక్కుతుందో చూడాలంటే కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాలకు వెళ్లాలి. అక్కడి బొమ్మలగుట్ట మీద జైన తీర్థంకరుల మూర్తులు, చక్రేశ్వరీ దేవి రూపం బండకు చెక్కి ఉన్నాయి. ఆ బొమ్మల దగ్గరే జినవల్లభుడు వేయించిన శాసనం. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడాయన. పండితులు దీన్ని క్రీ.శ. 945 ప్రాంతానిదిగా లెక్కగట్టారు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు భాగంలో మూడు కందపద్యాలు. పంపడి పూర్వులు వేంగినాటి వంగిపర్రు వారని, వేములవాడ చాళుక్య రాజు అరికేసరి ఆయనకు ధర్మపురిని అగ్రహారంగా ఇచ్చాడని ఈ బండే చెబుతుంది.

ఈ శాసనం మీద పత్రం రాయబోయే విద్యార్థి కలం నుంచి మొదట వచ్చే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: “తెలుగు సాహిత్య చరిత్రలో కురిక్యాల శాసనం ఎంతో ముఖ్యమైనది.” ఇది ప్రశంస. దీన్ని కాదనేవాడు లేడు కాబట్టి పత్రం ఇక్కడే ఆగిపోతుంది. గైడు మందలిస్తే అదే విద్యార్థి రెండో కొసకు దూకుతాడు: “తెలుగులో ఆదికవి నన్నయ కాదు.” ఇది వాదమే, ఉత్సాహం కూడా కలిగిస్తుంది. కానీ మూడు పద్యాల సాక్ష్యం ఇంత బరువు మోయలేదు. నన్నయను ఆదికవి అన్నవాళ్లు ఆయనకు ముందు పద్యమే లేదనలేదు. 848 నాటిదని చెప్పే అద్దంకి శాసనంలో తరువోజ ఉండనే ఉంది.

మూడో వాక్యం దగ్గర అసలు పని మొదలవుతుంది: “నన్నయ భారతానికి సుమారు వందేళ్ల ముందే తెలంగాణలో తెలుగు కందం శాసనానికెక్కేంతగా స్థిరపడింది.” ఇందులో కాలం ఉంది, చోటు ఉంది, పద్యజాతి ఉంది. నిరూపించే దారీ తెలుస్తోంది. కందంలో ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి, మొత్తం పదహారు చతుర్మాత్రా గణాలు. బేసి గణంగా జగణం రాకూడదు. ఆరో గణం జగణమో నలమో కావాలి. రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండాలి. ప్రాస తప్పకూడదు. శాసనపాఠం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం గణవిభజన చేస్తే స్థిరపడిందన్న మాట నిలుస్తుందో లేదో ఒక పూటలో తేలుతుంది.

అది నిలిచినా ఒక గట్టి అభ్యంతరం మిగులుతుంది. కందం కన్నడంలోనూ ఉంది. పంపడి ఇంటివాడు తనకు చేయి తిరిగిన ఛందస్సులో తెలుగు మాటలు కూర్చాడని, దాన్ని బట్టి తెలుగు కవుల వాడుకను తేల్చలేమని ఎవరైనా అనవచ్చు. ఈ మాటను పక్కకు నెట్టే పత్రం కన్నా దీన్ని తనలోకి తీసుకునే పత్రం బలమైనది. అప్పుడు వాక్యం మళ్లీ మారుతుంది: “పదో శతాబ్దపు వేములవాడ రాజ్యంలో కన్నడ, తెలుగు కవిత్వాలు ఒకే ఛందస్సును పంచుకున్నాయి, కురిక్యాల కందాలు దానికి సాక్ష్యం.” ఆదికవి ఎవరన్న పాత తగవు కన్నా ఇది ఎంతో విలువైన వాక్యం. ఒక ఆస్థానం రెండు భాషలను ఎలా పోషించిందన్న కొత్త ప్రశ్నను ఇది ముందుకు తెస్తుంది.

గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల కథ మరో రకం. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. శాతవాహనులకు ముందరి గోబద, నారన, సమగోపుల నాణేలతో పాటు ‘చిముక’ పేరున్న నాణేలు ఇక్కడ దొరికాయి. ఆ చిముకుడే శాతవాహన వంశస్థాపకుడు సిముకుడని, కాబట్టి ఆ రాజ్యం పుట్టింది ఇక్కడేనని అజయ్ మిత్ర శాస్త్రి వంటి చరిత్రకారులు ప్రతిపాదించారు. నాణేలు తక్కువే దొరికాయని, నాణెం చేతులు మారి దూరం ప్రయాణిస్తుందని ఎదుటి పక్షం అన్నది. చిముకుడు తర్వాతి కాలపు రాజని పి.ఎల్.గుప్తా, ఐ.కె.శర్మ వాదించారు. మొదట ఇద్దరూ ఒకరేనన్న పి.వి.పరబ్రహ్మశాస్త్రి సైతం తర్వాత అభిప్రాయం మార్చుకుని వేర్వేరు రాజులన్నారు. సొంత గడ్డ మీది అభిమానంతో ఈ మలుపును దాచిపెట్టే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి. అది పరిశోధనకు చేటు. మాట స్పష్టంగా ఉండబట్టే దాన్ని పరీక్షించడమూ, అన్నవాళ్లే దిద్దుకోవడమూ సాధ్యమయ్యాయి.

ఆదిలాబాద్‌లో ఒక ప్రతిపాదన భూమి మీద కూడా పని చేసింది. గోండుల తిరుగుబాటుకు నాయకత్వం వహించిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో మరణించాక, గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య నివసించి పని చేశారు. వాళ్ల పండుగలు, గోత్రాలు, దేవతల గురించి విస్తారంగా రాశారు. కానీ ప్రభుత్వం ముందు పెట్టిన వాదం సూటిగా ఉంది: అలజడికి కారణం గోండుల స్వభావం కాదు, చేజారిన భూమి. పట్టాలు బయటివాళ్ల పేర రాశారు, పోడు చేసుకునే నేలను రిజర్వు ఫారెస్టులో కలిపారు. ఇది తప్పయితే రెవెన్యూ రికార్డులే పట్టిచ్చేవి. ఆ తర్వాత జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలకు ఆదివాసుల పేర పట్టాలిచ్చారు. గోండుల జీవనం – ఒక పరిశీలన అని నివేదిక రాసి ఉంటే ఏ తహసీల్దారు చేతా ఒక్క సంతకమూ పెట్టించగలిగేది కాదు.

ఇప్పుడు అదే ఆదిలాబాద్‌లోని నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులు పరిశోధకుల కోసం ఎదురుచూస్తున్నాయి. జయధీర్ తిరుమలరావు వంటివారి కృషితో వెలుగులోకి వచ్చిన ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. దాని మీద మరో ‘సమగ్ర పరిశీలన’ తేలిగ్గానే రాయవచ్చు. అలా కాక, ఈ అక్షరాల రూపాలకు మరాఠీ దస్తావేజుల మోడీ లిపితో దగ్గరి బంధుత్వం ఉందని ఒక విద్యార్థి సినాప్సిస్ మొదటి పుటలోనే రాశాడనుకుందాం. లేదా తెలుగు లిపితోనే ఎక్కువ దగ్గర అన్నాడనుకుందాం. వెంటనే అతనికి పని తెలుస్తుంది: రెండు లిపుల్లో క, గ, త, మ పక్కపక్కన పెట్టి గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో చూడాలి, గుణింతపు గుర్తులు ఏ వైపున పడ్డాయో పోల్చాలి, గుంజాలలో ఆ ప్రతులు చదవగలిగిన పెద్దల ముందు కూర్చుని వాళ్లు కలం ఎలా నడుపుతారో గమనించాలి. మోడీతో పోలిక నాలుగు అక్షరాల దగ్గరే ఆగిపోతే ఆ సంగతి కూడా అంతే స్పష్టంగా రాసి, మొదటి పుట వాక్యాన్ని దిద్దుకోవాలి.