వెండి క్రీము మందే... కవచం కాదు!

పసిబిడ్డకు వెండి గిన్నెలో ఉగ్గు పెట్టడం మన ఇళ్లలో అలవాటే. ఆ నమ్మకంతోనే ఇప్పుడు వెండి జెల్లులు, స్ప్రేలు కొంటున్నాం. రేణిగుంట జంక్షన్‌లో రోజూ రైలెక్కి దిగేవారికి క్రిముల భయం సహజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న చర్మానికి వెండి పూత అక్కర్లేదు. ఇంటికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుంటే చాలు.

వెండి అయాన్లు బ్యాక్టీరియాను చంపే మాట నిజమే. సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమును 1960ల చివరి నుంచి కాలిన గాయాలకు వాడుతున్నారు. అయితే అది డాక్టరు చెబితే వాడాల్సిన మందు. సల్ఫా మందులు పడనివారికి, నెలలు నిండుతున్న గర్భిణులకు, రెండు నెలల్లోపు పసికందులకు వాడకూడదు.

వంటింట్లో చెయ్యి కాలగానే చాలామంది మొదట క్రీము కోసం వెతుకుతారు. ముందు కావాల్సింది కుళాయి నీళ్లు. 20 నిమిషాలు ధార కింద ఉంచండి. క్రీము దట్టంగా పూస్తే గాయం ఎంత లోతుందో డాక్టరుకు సరిగా కనిపించదు. బొబ్బలెక్కినా, కాలింది పసిపిల్లలైనా ఆలస్యం చేయొద్దు. మనకు తిరుపతి రుయా ఆసుపత్రి దూరమేమీ కాదు. ఏ క్రీము రాయాలో అక్కడి డాక్టర్లనే చెప్పనివ్వండి.