పాపను ఎవరు ఎత్తుకుంటారు?

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆనవాయితీ పుణ్యమా అని వరంగల్‌లో ఎప్పుడూ కొంతమంది ‘బయటి’ ఉద్యోగులు ఉంటారు. ఆఫీసు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉంటుంది. తాము మాత్రం నయీంనగర్‌లోనో మట్టెవాడలోనో అమ్మ వాళ్లింట్లో, చెవుల్లో దూది, తలకు గుడ్డ చుట్టుకుని బాలింతలుగా ఉంటారు. తొట్టెల ఫంక్షన్ అవుతుంది, చుట్టాలు వెళ్లిపోతారు. మూడో నెల వచ్చేసరికి అర్ధరాత్రి ఒక చేత్తో పాపను పట్టుకుని పాలిస్తూ, రెండో చేత్తో ఫోన్‌లో వెతుకులాట మొదలవుతుంది. వర్క్ ఫ్రం హోం, పార్ట్ టైమ్, డేటా ఎంట్రీ, అనుభవం అక్కర్లేదు.

వెతకడానికి కారణం అందరిళ్లలో ఒక్కటే. సెలవు అయిపోయాక పాపను తీసుకుని హైదరాబాద్ పోతే అక్కడ చూసేదెవరు? అమ్మ వెంట వస్తే ఇక్కడ నాన్నకు వండేదెవరు? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు వంట రాకపోవడం, పాప తండ్రికి సెలవు లేకపోవడం ఈ చర్చలో ఎవరూ ఎత్తరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు సెలవుంది. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రి గురించి చట్టం మాట్లాడదు. తిరిగి తిరిగి భారం ఆమె మీదికే వస్తుంది కాబట్టి, ఉద్యోగాన్నే ఇంటికి తెచ్చుకుంటే పీడా పోతుంది కదా అనిపిస్తుంది.

సెలవులో ఉండగానే ఇంకో పని పట్టాలనుకునే వాళ్లకు ముందు ఒక మాట. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. ఇద్దరు బిడ్డలున్నవాళ్లకు మూడో కాన్పుకు 12 వారాలే. అది జీతంతో కూడిన సెలవు. ఆ సెలవులో ఉండి ఇంకో సంస్థలో పని చేస్తే, చేసినన్నాళ్లకు ప్రసూతి ప్రయోజనం పోతుందని అదే చట్టం 18వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. నెలకు ఎనిమిది వేలొచ్చే ఆన్‌లైన్ పని కోసం నలభై వేల సెలవు జీతాన్ని పణంగా పెట్టడం ఏం లెక్క?

ఇంటి నుంచి పని కావాలంటే ముందు అడగాల్సింది ఇప్పుడున్న ఆఫీసునే. పని అలాంటిదైతే, సెలవు ముగిశాక ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి పని చేయించుకోవచ్చని 2017 సవరణలోనే ఉంది. ‘చేయించుకోవచ్చు’ అన్నారు తప్ప ‘ఇవ్వాలి’ అనలేదు. అందుకే ఫోన్‌లో మేనేజర్‌ను బతిమాలితే పని కాదు. సెలవు ముగియడానికి రెండు నెలల ముందే మెయిల్ పెట్టాలి. ఎన్ని నెలలు, ఏ వేళల్లో, వారంలో ఎన్ని రోజులు, ఇంటర్నెట్ ఖర్చు ఎవరిది, ఇవన్నీ అందులోనే రాయాలి. కాదంటే ఎందుకు కాదో వాళ్లనూ రాతలోనే చెప్పమని అడగొచ్చు. కుదరదంటే చెప్పడానికి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. 2020 జనవరిలో వరంగల్ మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచినప్పుడు మన పిల్లలు ఇక ఊళ్లోనే ఉంటారని చాలా ఇళ్లు ఆశపడ్డాయి. మూడు నెలలు తిరక్కముందే లాక్‌డౌన్ వచ్చి, హైదరాబాద్ ఆఫీసుల పని కూడా వరంగల్ బెడ్‌రూముల్లోంచి నడిచింది. కుదరదని చెప్పే మేనేజర్లకు ఆ రోజులను గుర్తుచేయడంలో తప్పేం లేదు.

ఆఫీసు కాదంటేనో, ఉద్యోగం ముందే మానేసి ఉంటేనో బజార్లో వెతకక తప్పదు. అక్కడ కాచుకుని ఉన్నవాళ్లకు బాలింత కంటే మంచి బేరం దొరకదు. ఇంట్లో ఉంటుంది, డబ్బు అవసరం, మోసపోతే ఎవరికీ చెప్పుకోలేదు. వీడియోకు లైక్ కొట్టండి, హోటల్‌కు రేటింగ్ ఇవ్వండి అని టెలిగ్రామ్‌లో మొదలవుతుంది. మొదటి రోజు నూటయాభయ్యో రెండువందలో నిజంగానే ఖాతాలో పడతాయి. ఆ నమ్మకం మీద ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని వెయ్యి, తర్వాత పదివేలు, ఆ తర్వాత ఇచ్చింది వెనక్కి రావాలంటే ఇంకో యాభై వేలు. డేటా ఎంట్రీ మోసం ఇంకో రకం. ముందు అగ్రిమెంట్ మీద సంతకం తీసుకుంటారు. పని పూర్తయ్యాక తప్పులున్నాయని చెప్పి, జరిమానా కట్టకపోతే కోర్టుకు ఈడుస్తామని లాయర్ నోటీసు లాంటిది పంపుతారు. పని ఇవ్వడానికి డబ్బు అడిగేవాడు పని ఇచ్చేవాడు కాడు. డబ్బులు పోయాయని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంట్లో వాళ్లేమంటారోనని రెండు రోజులు దాచిపెడితే, డబ్బు ఖాతాలు మారిపోయి దొరక్కుండా పోతుంది.

వర్క్ ఫ్రం హోం మనకు కొత్త అనుకోవడం కూడా తమాషాయే. తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్లు తరాలుగా చేస్తున్నది అదే. తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుంటారు. చంటిబిడ్డ చేట పక్కనే పడుకుంటుంది, ఆ దుమ్మే పీలుస్తుంది. బాగాలేవని తీసేసిన బీడీలకు కూలి రాదు. ఇల్లే పనిచోటు కాగానే కరెంటు, జాగా, నష్టం, జబ్బు అన్నీ పనిచేసే మనిషి లెక్కలోకి పోతాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ మిగతా కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారత్ దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మహిళల కోసం వర్క్ ఫ్రం హోంను పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామన్నారు. మంచిదే. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న తల్లికీ బీడీ చేట ముందు కూర్చున్న తల్లికీ ఒకే ప్రశ్న ఉందని ఆ ప్రకటనలు రాసేవాళ్లకు తట్టినట్టు లేదు. ఆమె పనిచేసే ఆ ఎనిమిది గంటలూ పాపను ఎవరు ఎత్తుకుంటారు?

అమెరికా వేళలకు పనైతే సాయంత్రం ఆరున్నరకు లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకు లాగౌట్. పాప లేచేది అప్పుడే. వేళకాని వేళ పిలిచినా పలికేవాళ్లకే పెద్ద జీతాలు దక్కుతాయని, బిడ్డ పుట్టగానే ఆడవాళ్లు వెనకబడేది అక్కడేనని 2023లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ చెప్పారు. ‘ఇంట్లోనే కదా ఉన్నావు’ అని కూర గిన్నె కూడా చేతికిచ్చే మన ఇళ్ల సంగతి ఆమె లెక్కల్లో ఎంతవరకు పట్టిందో మరి.

మన అంగన్‌వాడీ బాలింతకు అన్నం పెడుతుంది, ఏడో నెల నుంచి బిడ్డకు బాలామృతం ప్యాకెట్ ఇస్తుంది. ప్యాకెట్ ఇచ్చి ఇంటికి పంపుతుంది, బిడ్డను మాత్రం ఉంచుకోదు. పూర్వ ప్రాథమిక విద్యకు రానిచ్చేది మూడేళ్లు నిండాకే. ఆరో నెల నుంచీ పిల్లల్ని చూసుకునే క్రెష్‌లను అంగన్‌వాడీల్లోనే పెట్టే ‘పాల్నా’ పథకం కేంద్రానికి ఉంది. మన వాడలకు అది కావాలని ఏ కార్పొరేటరైనా అడిగినట్టు నేను వినలేదు. 50 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఇది చట్టం. మడికొండలో చిన్న కంపెనీలు మాకు 50 మంది లేరని తప్పించుకోవచ్చు గానీ, నాలుగైదు సంస్థలు కలిసి ఒకే క్రెష్ పెట్టుకోవచ్చని కొత్త కోడ్‌లో స్పష్టంగా ఉంది. మున్సిపాలిటీ నడిపే క్రెష్‌నైనా వాడుకోవచ్చని ఉంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ వచ్చే బడ్జెట్‌లో హన్మకొండకు ఒకటి, వరంగల్‌కు ఒకటి, కాజీపేటకు ఒకటి రాయించి చూడమనండి. ఇంటి నుంచి పనిచేసే తల్లి కూడా పొద్దున తొమ్మిదింటికి పాపను అక్కడ దించి, వచ్చి తలుపేసుకుని లాగిన్ అవుతుంది.