ఇస్త్రీ మడత – ఒంటి సుఖము

బట్టను గూర్చి పెద్దలు మాటలాడునపుడు మానమర్యాదలను గూర్చి చెప్పుదురు. వర్తకులు ధరను గూర్చియు, యువతీయువకులు అందమును గూర్చియు చెప్పుదురు. బట్టక్రింద నున్న చర్మమును గూర్చి పలుకువారు మాత్రము అరుదు. ఆహారము రోజునకు రెండు మూడు మారులు లోనికి పోవును. బట్ట యన్ననో ఇరువదినాలుగు గంటలును ఒంటిని విడువదు. వంకాయను గిల్లి చూచి, నేతిని వాసన చూచి కొనెడి గృహస్థుడే, కట్టెడి బట్ట దేనితో చేసినదో అడుగకయే రంగు చూచి కొని తెచ్చుచున్నాడు. ఈ యుదాసీనతకు ఫలము ననుభవించువారిలో మొదటివారు బడిపిల్లలు.

తెలుగుదేశమున బడులు జూన్ నెలలో తెరువబడును. తొలకరి ఆలస్యమైనచో ఎండ తగ్గదు, కురిసినచో ఉక్క తగ్గదు. ఇక మార్చి, ఏప్రిల్ నెలలలో రెంటచింతల, రామగుండము వంటి తావుల వేడిమిని వేరుగా వర్ణింప నక్కరలేదు. అట్టి దినములలో ఒక గదిలో నలుబది యేబదిమంది బాలబాలికలు పాలియెస్టరు కలిసిన దళసరి బట్టలు తొడిగి, మెడదాక గుండీలు పెట్టుకొని, కొన్ని బడులలో టై కూడ బిగించుకొని కూర్చుందురు. మధ్యాహ్నమగునప్పటికి చొక్కా వీపునకు అంటుకొనును. మెడచుట్టును, నడుముచుట్టును చెమటకాయలు లేచును. గజ్జలలో తామర పట్టిన పిల్లవాడు సిగ్గుచే ఎవ్వరికిని చెప్పుకొనలేడు. పాఠము వినవలసిన పిల్లవాడు వీపు గోకుకొనుచున్నచో ఆ దోషము పిల్లవానిది కాదు, వానికి ఆ బట్ట నిర్ణయించిన పెద్దలది.

ఇందలి కారణము విజ్ఞానశాస్త్రము చదివెడి విద్యార్థులకు సులభముగా బోధపడును. శరీరము తన వేడిమిని పోగొట్టుకొనుటకు చెమటను వాడుకొనును. ఒక గ్రాము చెమట ఆవిరియైనచో సుమారు 580 కేలరీల వేడిమిని ఒంటినుండి తీసికొని పోవును. చెమట కారిపోయినంత మాత్రమున ఫలము లేదు. అది ఆవిరి కావలెను. ఆవిరి కావలెనన్న గాలి తగులవలెను, ఒంటిపై నున్న బట్ట తేమను పీల్చుకొని వెలుపలికి వదలవలెను. గాలిలో తేమ నూటికి 65 పాళ్లున్నపుడు 100 గ్రాముల పొడి నూలు సుమారు 8 గ్రాముల తేమను తనలో నిలుపుకొనును. పట్టు 11 గ్రాములు, ఉన్ని 16 గ్రాముల దాపున నిలుపుకొనును. నైలాను 4 గ్రాములతో సరిపెట్టుకొనును. పాలియెస్టరు అరగ్రామైనను పట్టదు. ఒంటికిని గాలికిని నడుమ నూలుబట్ట కిటికీవలె పనిచేయుచుండగా, దళసరి పాలియెస్టరు బట్ట మూసిన తలుపువలె నిలుచుచున్నది.

వాసన సంగతియు ఇట్టిదే. 2014లో బెల్జియమునందలి గెంట్ విశ్వవిద్యాలయమువారు వ్యాయామము చేసిన 26 మంది చొక్కాలను పరీక్షించిరి. నూలు చొక్కాలకంటె పాలియెస్టరు చొక్కాలే ఎక్కువ దుర్వాసన నిచ్చినవనియు, వాసన పుట్టించెడి ఒక జాతి సూక్ష్మజీవులు పాలియెస్టరుపై బాగుగా పెరిగినవనియు వారు కనుగొనిరి. తరగతిలో తోటివారు ముక్కు మూసికొన్నపుడు స్నానము చేయలేదని నింద మోసెడి పిల్లలలో ఎందరు తమ చొక్కా దోషమును తాము మోయుచున్నారో!

నూలుతో ఈ దేశమునకు గల చుట్టరికము నిన్న మొన్నటిది కాదు. మొహెంజొదారో త్రవ్వకములలో వెండి పాత్రకు అంటుకొనియున్న నూలుబట్ట పేలిక దొరకినది. 13వ శతాబ్ది చివర వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యపు సన్నని బట్టలను మెచ్చుకొని వ్రాసెను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగచేప దవడయెముకతో దూదిని దువ్వి, రాట్నముపై నూరు కౌంటు నూలు తీసెడి నేర్పు కలదు. వెంకటగిరి, మంగళగిరి, నారాయణపేట మొదలగు తావుల నేతగాండ్రు ఈ యెండలను, ఈ చెమటను ఎరిగి నేసినవారే. పడుగునకును పేకకును నడుమ గాలి సంచరింప వారు విడిచిన సందు నేత లోపము కాదు. అది తరతరముల అనుభవము.

ఇక నైలాను 1935లో అమెరికాలో పుట్టినది. పాలియెస్టరు నూలును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అను ఇరువురు కనుగొనిరి. అదియే టెరిలీన్ అను పేర ప్రసిద్ధికెక్కెను. ఒకప్పుడు టెరిలీన్ చొక్కా తొడిగినవాడు ఊరిలో గొప్పవాడు. నేడు ప్రపంచమున తయారగు నూలుపోగులలో సగమునకు మించి పాలియెస్టరే; పత్తి వాటా సుమారు అయిదవవంతు. వందయేండ్లు నిండని వస్తువు వేలయేండ్ల వస్తువును ఇంతలో వెనుకకు నెట్టినదన్న, దానికి కారణములు లేకపోలేదు.

ఆ కారణములను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. పాలియెస్టరు కలిసిన బట్ట చవుక. ఉతికిన గంటకే ఆరును. ముడుతలు పడదు, రంగు త్వరగా వెలియదు, మూడేండ్లైనను చిరుగదు. తెల్లవారుజామున లేచి వంటచేసి, ఇద్దరు పిల్లలను బడికి పంపి, తాను కూలికో కొలువునకో పోవలసిన తల్లికి ఇస్త్రీ అక్కరలేని బట్ట ఒక వరమే. వానకాలమున ఆరని నూలుబట్టతో వేగుటయు చిన్న కష్టము కాదు. ఆటగాండ్ర కొరకు సన్నముగా, గాలియాడునట్లు ప్రత్యేకముగా అల్లిన పాలియెస్టరు బట్టలు చెమటను పైకి లాగి త్వరగా ఆరవేయుననుటయు నిజమే. కావున కృత్రిమమైన ప్రతి బట్టయు విషమని ఉపన్యసించుట అజ్ఞానమగును.

అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. ముడుతపడని బట్టను కోరుచున్నది ఎవరు? పిల్లవాడు కోరలేదు. తల్లియు నిజముగా ముడుతకు భయపడుటలేదు, ముడుతను చూచి కోపించెడి బడికి భయపడుచున్నది. ప్రార్థన సమయమున వరుసలో నిలువబెట్టి, ఇస్త్రీ మడత చెడిన పిల్లలను వేరుచేసి మందలించెడి ఆచారము ఉన్నంతకాలము ఏ తల్లియు నూలు చొక్కా కుట్టింపదు. శుభ్రత వేరు, మడత వేరు. ఉతికి యెండలో ఆరవేసిన నూలుచొక్కా ముడుతలు పడియున్నను శుభ్రమైనదే. చెమట ఇంకి రెండుదినములు తొడిగిన పాలియెస్టరు చొక్కా మడత చెడకున్నను మురికిదే. పైన పటారము, లోన లొటారము అన్న సామెతకు ఇంతకు మించిన ఉదాహరణము దొరకదు. బడి ఈ భేదమును గుర్తించిననాడు తల్లి కష్టమును సగము తీరును.

2015 మొదలు ఏటేట ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. 1905లో ఆనాడే కలకత్తాలో స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినదని దానికి కారణము. ఆ దినమున అనేక పాఠశాలలలో మగ్గమును గూర్చి బాలబాలికలు చక్కగా ఉపన్యసింతురు. ఉపన్యసించునపుడు వారు తొడిగినది మాత్రము పాలియెస్టరు! వ్యాసరచన పోటీలకంటె, ఆ బడి కమిటీ ఒక్క వేసవికైనను నూలు చొక్కాను అనుమతించుట ఎక్కువ పాఠము నేర్పును.

పగటి సంగతి యిట్లుండ, రాత్రి సంగతి మరియు ముఖ్యమైనది. పిల్లలు నిద్రించెడి ఎనిమిది తొమ్మిది గంటలును చర్మము పక్కబట్టను ఆనుకొనియే యుండును. నులకమంచము, నవారుమంచము క్రిందినుండి గాలి నిచ్చుచుండెడివి. తుంగచాప చల్లగా నుండెడిది. బూరుగుదూది పోగులు లోపల బోలుగా నుండుటచే పరుపు తేలికగా నుండెడిది. దూదిపరుపు గట్టిపడినచో విల్లు మీటుకొనుచు వీధిలోనికి వచ్చెడి దూదేకువానిచే ఏకించిన మరల మెత్తపడెడిది. నేటి ఫోము పరుపు వేడిమిని పట్టియుంచును. పాడైనచో ఏకుటకు వీలులేదు. చెత్తకుప్పపై అది మట్టిలో కలియదు. పరుపును మార్చుకొనలేని యిల్లు దానిపై దుప్పటినైనను, దిండు గలేబునైనను నూలువి వేసికొనవచ్చును. ఇది పెద్ద వ్యయము కాదు, ఫలము మాత్రము పెద్దది.

నూలునకు మరియొక గుణము కలదు. అది వేడినీటికి జంకదు. చవుడు పట్టించి ఉబ్బవేసి ఉడికించిన రజకుల పద్ధతి వట్టి ఆచారము కాదు. పరుపులలో చేరి తుమ్ములకు, ఉబ్బసమునకు దోహదము చేయు ధూళిపురుగులు 60 డిగ్రీల వేడినీట చచ్చును. నూలు దుప్పటి ఆ వేడిని సహించును. అయితే దూదిపరుపైనంత మాత్రమున ధూళిపురుగు రాకమానదు. ఎండలో వేయని దూదిపరుపు, ఉతకని నూలు గలేబు ఎవ్వరికిని ఆరోగ్యము నీయవు.

ఇట్లే ప్రకృతిసిద్ధమన్న మాటయే మంత్రము కాదని గ్రహింపవలెను. గరుకు ఉన్ని తామరతత్త్వము గల పసిపిల్లల చర్మమును రేపును. ముడుతపడని నూలుబట్ట యని అమ్మెడి సరకుపై తరచుగా ఫార్మాల్డిహైడు కలిసిన రసాయనపు పూత ఉండును; కొందరికి అది దురదలు పుట్టించును. కావున కొత్తబట్టను ఒకమారు ఉతికి తొడుగుట మంచిది. పురిటిబిడ్డకు కొత్తబట్ట వేయక, అనేకమారులు ఉతికి మెత్తబడిన పాతపంచె చింపి వేసిన అవ్వల నడతలో ఈ వివేకమే యున్నది. వెదురుబట్ట యని గొప్పగా అమ్మునది చాలవరకు వెదురు గుజ్జును రసాయనములలో కరగించి తీసిన రేయానే. చేనేత యన్న గుర్తు బట్ట మగ్గముపై నేసినదని మాత్రమే చెప్పును. పోగు దేనిదో వేరుగా అడిగి తెలిసికొనవలెను. పత్తిచేనుపై చల్లెడి మందులును, అప్పులపాలైన రైతు కష్టమును మరచి నూలును పవిత్రమని కీర్తించుటయు సత్యము కాదు.

నిప్పు సంగతి వేరుగా చెప్పవలెను. నూలుబట్ట త్వరగా అంటుకొనును, కావున పొయ్యిదగ్గరను, దీపావళినాడును వదులుగా వ్రేలాడు బట్ట ఏదియు తగదు. పాలియెస్టరు, నైలాను కరగి చర్మమునకు అంటుకొని గాయమును లోతు చేయును. ఉన్ని అంత సులభముగా మండదు. ఒంటికి అమరిన నూలుబట్టయే బాణసంచా కాల్చు పిల్లలకు మేలు.

నీటికిని ఈ ప్రశ్నతో సంబంధము కలదు. 2016లో ఇంగ్లండునందలి ప్లిమత్ విశ్వవిద్యాలయమువారు చేసిన పరిశోధనలో, 6 కిలోల అక్రిలిక్ బట్టలను యంత్రములో ఒకమారు ఉతికినచో 7 లక్షలకు మించిన సూక్ష్మపు పోగులు నీటిలో కలియవచ్చునని తేలెను. పాలియెస్టరునుండి సుమారు 5 లక్షలు వచ్చినవి. నూలుపోగు కాలక్రమమున మట్టియగును. ఈ పోగులు మాత్రము చెరువులో, చేపలో, సముద్రములో చిరకాలము మిగులును.

ఉపాధ్యాయులకు ఇందు ఒక చక్కని ప్రయోగపాఠము కలదు. వేర్వేరు బట్టలనుండి ఒక్కొక్క పోగు తీసి, చిమటాతో పట్టి, నీటిపాత్ర దగ్గరనుంచుకొని ఉపాధ్యాయుడే దీపముపై కాల్చి చూపవలెను. నూలు కాగితము కాలిన వాసనతో మండి, మెత్తని బూడిద యగును. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన నిచ్చి, నలిపిన పొడియగు నల్లని మసిని విడుచును. పాలియెస్టరు కుంచించుకొని, కరగి, గట్టిపూసగా మిగులును. ఆ గట్టిపూసను చేతితో తడవి చూచిన విద్యార్థి తన చొక్కాను గూర్చి ఆలోచించుట ప్రారంభించును. ఆ సాయంకాలము వాడు తండ్రిని అడుగు ప్రశ్న ఏ ప్రకటనయు అడుగజాలదు.

ఇంటి బట్టలన్నియు ఒక్కనాడు మార్చుట ఎవరికిని సాధ్యము కాదు, అవసరమును కాదు. దుడ్డు కొలది క్రమము పెట్టుకొనవచ్చును. మొదట పసిబిడ్డ బట్టలు, దిండు గలేబు, దుప్పటి. పిదప బనియను మొదలగు లోదుస్తులు, మేజోళ్లు. ఆ పిదప బడి చొక్కా. పెండ్లికిని పేరంటమునకును గంటసేపు కట్టెడి బట్ట ఏదైనను నష్టము లేదు. చర్మమునకు దగ్గరగా, ఎక్కువసేపు ఉండు బట్టకే ముందు డబ్బు పెట్టవలెను. ఇంతవరకు గృహస్థులు చేయదగిన పని.

బడి చొక్కా మాత్రము గృహస్థుని చేతిలో లేదు. అది ప్రధానోపాధ్యాయుని బల్లపైనను, బడి కమిటీ తీర్మానములోను ఉన్నది. మరుసటి యేటి ఏకరూప దుస్తులకు నమూనా ముక్కలు తెప్పించునపుడు వారు రంగుతోపాటు పోగును గూడ అడుగవలెను. ఆ ముక్కపై ఒక నీటిబొట్టు వేసి, అది ఇంకునో జారునో చూడవలెను. ప్రార్థన వరుసలో ముడుతపడిన నూలుచొక్కాతో నిలిచిన పిల్లవానిని చూచినపుడు, వాడు క్రమశిక్షణ తప్పినవాడు కాడనియు, సుఖముగా పాఠము వినుటకు సిద్ధమై వచ్చినవాడనియు గుర్తింపవలెను.