నవ్వునకు శిక్షాస్మృతి

నిరంకుశ ప్రభుత్వము క్రింద జనులు నవ్వుట యెట్లని కొందఱడుగుదురు. సోవియట్ దేశపు చరిత్ర నెఱిగినవా రీ ప్రశ్న వేయరు. అచట నవ్వు రెండు తెఱగుల నుండెను: అచ్చుపడిన నవ్వు, చెవిలో జెప్పిన నవ్వు.

1922లో పుట్టిన 'క్రొకొడిల్' అను హాస్యపత్రిక సర్కారు అనుమతితోనే నడచెను. త్రాగుబోతు గుమాస్తాను, లంచగొండి యుద్యోగిని, సోమరియగు కార్ఖానా మేనేజరును అది యథేచ్ఛగా పరిహసించెడిది. కాని యా పరిహాసమునకు మెట్లు కలవు. క్రిందిమెట్టున నున్నవానిని జూచి నవ్వవచ్చును. పైమెట్టు వంక కన్నెత్తరాదు. దోషము గుమాస్తాదే గాని యేలుబడిది కాదని చాటుటయే దాని కొలువు. ఇట్టి యనుమతి నిషేధముకంటె మేలని నేనొప్పుకొనను.

రెండవ నవ్వునకు అచ్చుకూటము లేదు, కర్త పేరును లేదు. అది వంటయిండ్లలోను, రొట్టెకై నిలిచిన వరుసలలోను పుట్టెను. అచటి ప్రధాన పత్రికలు రెండు: ప్రావ్దా యనగా సత్యము, ఇజ్వెస్తియా యనగా వార్తలు. "సత్యములో వార్తలు లేవు, వార్తలలో సత్యము లేదు" అని జనులు చెప్పుకొనిరి. న్యాయవాదినగుటచే గాబోలు, నేను దీనిని వేళాకోళమనను, సాక్ష్యమందును. తక్కిన సాక్షుల నోళ్లన్నియు మూయబడినచోట మిగిలిన సాక్షి యిది.

సర్కారు ఈ సాక్షిని తేలికగా నెంచలేదు. రష్యా శిక్షాస్మృతిలో 1927లో చేర్చిన 58-వ సెక్షను, 10-వ ఖండము, సోవియట్ వ్యతిరేక ప్రచారమునకు ఆఱునెలలకు తక్కువ గాని ఖైదు విధించెను. చదువరులు గమనింతురు గాక: ఆ వాక్యమున కనిష్ఠము గలదు గాని గరిష్ఠము లేదు. యుద్ధకాలమున మరణశిక్షయు గలదు. స్టాలిన్ నాళ్లలో ఒక్క వేళాకోళమునకై యేండ్లకొలది నిర్బంధశిబిరములలో మ్రగ్గినవారు కలరు. శ్వేతసముద్రమును బాల్టిక్ సముద్రముతో గలుపు కాలువను 1931-33 నడుమ ఖైదీలచే త్రవ్వించిరి. వేలకొలది ఖైదీలు అచటనే ప్రాణములు విడిచిరి. దానిపైనను ఒక మాట పుట్టినది. "ఈ కాలువ నెవరు త్రవ్విరి?" "కుడిగట్టు వేళాకోళములు చెప్పినవారు, ఎడమగట్టు విన్నవారు." దీనికి నవ్వవలెనో వలదో నాకు దోచదు.

ఇట్టి హాస్యమే ఆ రాజ్యమును గూల్చెనని వ్రాయువారు కలరు. అది యతిశయోక్తి. రాత్రి నవ్వినవాడే మఱునాడు సభలో చప్పట్లు కొట్టెను. ఇంటికి బియ్యమో బూట్లో రావలెనన్న కొట్టక తప్పదు. అయినను చప్పట్లు కొట్టుచు వానిని తాను నమ్మకుండుటకు ఆ రాత్రి నవ్వు తోడ్పడెను. అంతకంటె దానికి బలము గలదని చెప్పను. అది స్వల్పమనియు చెప్పను.

1985లో గోర్బచేవు మద్యమును కట్టడి చేయగా దుకాణముల ముందు వరుసలు పెరిగినవి. అట్టి వరుసలో నొకడు విసిగి, గోర్బచేవును చంపివత్తునని పోయి, కొంతసేపటికి తిరిగివచ్చెనట. ఏమైనదని తోడివారడుగగా, "అచటి వరుస ఇంతకంటె పొడవు" అనెనట. పదవి పోయిన పిదప గోర్బచేవే ఈ కథను చెప్పి నవ్వించెను.