దీపం కొండెక్కింది... రాముడూ ఎక్కాడు!

తార్నాకలో ఓ పాత డాబా ఇల్లు అనుకుందాం. కొడుకు అమెరికాలో ఉంటాడు. మామ్మగారు ఇక్కడ ఒక్కరే. చేదోడువాదోడుగా ఉంటుందని కొడుకు ఓ రోబోను కొని పంపించాడు. ఆవిడ దానికి రాముడని పేరు పెట్టుకుంది.

మొదటిరోజు పొద్దున్నే వంటింట్లోంచి కేకేసింది. ''ఒరే రాముడూ, బియ్యం నిండుకున్నాయిరా!'' రాముడికి భలే సంతోషం వేసింది. నిండుకున్నాయంటే డబ్బా నిండా ఉన్నట్టేగా! సరుకుల చీటీలో బియ్యం కొట్టేశాడు. ఆ మధ్యాహ్నం మామ్మగారికి అటుకులే దిక్కయ్యాయి.

సాయంత్రం దేవుడి గదిలోంచి మళ్ళీ గొంతు వినిపించింది. ''అయ్యో, దీపం కొండెక్కిందే!'' అంతే, రాముడు వీధిలోకి పరుగెత్తాడు. దగ్గర్లో కొండ ఎక్కడుందా అని వెతికి, మల్కాజ్‌గిరి దాటి మౌలాలి గుట్ట చేరుకున్నాడు. మెట్లన్నీ ఎక్కి, పైనుంచి ఫోన్ చేశాడు. ''మామ్మగారూ, ఇక్కడ మన దీపం లేదండీ!''

ఇది ఉత్తుత్తి కథే. కానీ పనివాడిగా వచ్చిన రోబో తెచ్చే తంటాలు నూరేళ్ళుగా రచయితలకు ముడిసరుకు. అసలు ఆ మాట పుట్టిందే నాటకంలో! చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' రాశారు. అందులోని కృత్రిమ కూలీలకు ఏం పేరు పెట్టాలో తోచకపోతే, అన్న జోసెఫ్ 'రోబో' మాట అందించాడు. దానికి మూలమైన చెక్ మాటకు అర్థం వెట్టిచాకిరీ. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెలకు వేరే చెప్పాలా!

1947లో వెలువడిన ఐజాక్ అసిమోవ్ కథ ఒకదానిలో, విసుగెత్తిన పరిశోధకుడు ఒకడు రోబోను తిట్టిపోసి, కనబడకుండా పొమ్మంటాడు. అది బుద్ధిగా వెళ్ళి, అచ్చం తనలాంటివే మరో 62 రోబోల మధ్య నిలబడుతుంది. ఇక పట్టుకోండి చూద్దాం! మన ఇళ్ళల్లో రోజుకు ఎన్నిసార్లు ''నా కళ్ళముందు నుంచి పో'' అంటామో లెక్కేసుకుంటే, ఎన్ని రోబోలు మాయమవుతాయో!

నిజానికి ఈ కథల్లో రోబో తప్పేమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేయడమే దాని నేరం. మనుషులేమో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పరు. అయిపోయాయనడం అశుభమని 'నిండుకున్నాయి' అంటారు. ఆరిపోయిందనలేక 'కొండెక్కింది' అంటారు. గుమ్మం దాటేవాళ్ళు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. రాముడైతే గుమ్మంలోనే కాపలా కూర్చుంటాడు!

ఇలాంటి నోటి మాటల విలువ తార్నాక పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి బాగా తెలుసు. అక్కడ భాషాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, రైతుల నోట నలిగే మాటలను పోగుచేసి కూర్చిన వ్యవసాయ పదకోశం 1962లో వెలువడింది. అలాంటి మాటలు దండిగా అందిస్తే నేటి యంత్రాలూ నేర్చుకుంటాయి. రాముడూ ఎప్పుడో ఒకప్పుడు బియ్యం సంగతి తెలుసుకుంటాడు.

కానీ అంతకంటే గట్టి పరీక్ష ఇంకొకటుంది. ఆ రాత్రి అమెరికా నుంచి ఫోన్ వచ్చింది.

''అమ్మా, ఏమైనా కావాలా? ఈ సంక్రాంతికి రావడం కుదిరేలా లేదు.''

''నాకేం వద్దులే నాయనా. రాముడున్నాడుగా, బాగానే ఉన్నాను.''

రాముడు 'ఏమీ వద్దు, బాగానే ఉన్నారు' అని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. అవతల కొడుకూ అంతే అనుకుని ఫోన్ పెట్టేశాడు.

పాపం, రాముడికంటే తెలుగు రాదు!