ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి

పదో తరగతి చదివే కుర్రాడు. పేరూ వద్దు, ఊరూ వద్దు. పల్నాడులో మిరప పండే ఓ గ్రామం అనుకోండి, చాలు. మూడేళ్ల కిందట వేసవిలో ఓ సాయంత్రం వాణ్ని ఆటోలో వేసుకుని నరసరావుపేట పరుగెత్తారు. ప్రాణం దక్కలేదు.

ఆ వార్త రాసింది నేనే. ‘తండ్రి మందలించాడని మనస్తాపం చెంది’ అని రాశాను. మా విలేఖరులకు అది ఎప్పుడూ తయారుగా ఉండే వాక్యం. ఊరు, వయసు మార్చుకుంటే సరిపోతుంది. సింగిల్ కాలంలో అయిదు లైన్లు పడింది. తండ్రి మందలించిన మాట నిజమే. ఎప్పుడు చూసినా సెల్‌ఫోనేనా అని కేకలేశాడు. ఆ రోజు మన జిల్లాలో అలా కేకలేసిన తండ్రులు ఎంతమంది ఉంటారో లెక్కలేదు. మరి ఆ ఇంట్లోనే అలా ఎందుకు జరిగింది? అయిదు లైన్లలో దానికి చోటు లేదు. నేను అడగనూ లేదు. ఆ తండ్రి మాత్రం నా వార్త చదివాడు. ఆ పేపరు ముక్క ఇంకా ఆయన దగ్గర ఉందని తెలిసింది.

పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర షామియానా గుంజకు ఆనుకుని ఒక పిల్లవాడు నిలబడ్డాడు. విస్తరి ముందు కూర్చోమంటే కూర్చోడు. పోయిన కుర్రాడికి ప్రాణస్నేహితుడు. పక్కకు పిలిచి అడిగితే ఒక్కసారిగా ఏడ్చేశాడు.

‘‘అన్నా, వాడు నాకు ముందే చెప్పాడన్నా. నాలుగు రోజుల ముందు చెరువు కట్ట మీద చెప్పాడు. ఎవరికన్నా చెబితే మా అమ్మ మీద ఒట్టే అన్నాడు. వాళ్లమ్మకు ఏమన్నా అవుతుందని నేను నోరు విప్పలేదన్నా’’ అన్నాడు.

పదిహేనేళ్ల పిల్లవాడు ఆ నాలుగు రోజులూ ఒక్కడే ఆ మాట మోశాడు. ఇప్పటికీ మోస్తున్నాడు. ఆ రోజు వాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం అదే.

చిన్నప్పుడు మనందరం ఒట్లు వేసుకున్నవాళ్లమే. మామిడికాయలు కోసిన సంగతి చెప్పొద్దని ఒట్టు, బడి ఎగ్గొట్టిన సంగతి చెప్పొద్దని ఒట్టు. తర్వాత ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అనిపించుకుని దాన్నించి బయటపడేవాళ్లం. ప్రాణం మీదికి వచ్చిన విషయంలో వేయించుకున్న ఒట్టు ఒట్టే కాదని, దాన్ని తీసి గట్టున పెట్టొచ్చని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. బళ్లో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. నేను మాత్రం ఎవరికి చెప్పాను?

పిల్లల గుట్టు ముందుగా తెలిసేది పిల్లలకే. కబడ్డీకి రోజూ ముందుండేవాడు మానేస్తే జట్టు వాళ్లకు తెలుస్తుంది. ఇష్టపడి కొనుక్కున్న వాచీ ఊరికే ఇచ్చేస్తే, పుచ్చుకున్నవాడికి తెలుస్తుంది. హాస్టల్లో రాత్రి రెండింటికి కూడా నిద్రపోకుండా గోడకేసి తిరిగి పడుకున్న పిల్ల సంగతి పక్క మంచం పిల్లకు తెలుస్తుంది. మనకు ప్రోగ్రెస్ కార్డు వచ్చినప్పుడు కదా తెలిసేది! అప్పుడైనా మనం చూసేది మార్కులే.

ఇది ఒక ఇంటి గొడవ కాదు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క చెప్పింది. రోజుకు 35 మందికి పైనే. మన దగ్గర 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తప్పులతడక తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వచ్చిన 48 గంటల్లో తొమ్మిది మంది పోయినట్లు పత్రికల్లో వచ్చింది. ఫలితాలే కారణమని రాసేసి మా పని అయిపోయిందనుకున్నాం. ఆ పిల్లల్లో ఎంతమంది మనసులో అంతకు ముందే ఎన్ని నెలలుగా దిగులు గూడు కట్టుకుని ఉందో! జ్వరమైతే ఒళ్లు కాలుతుంది, చెయ్యి వేస్తే తెలుస్తుంది. దీనికి అలాంటి గుర్తు లేదు.

పిల్లలకు నేర్పితే ఫలితం ఉంటుందా అని అడిగేవారికి ఒక సంగతి చెప్పాలి. ఐరోపాలోని పది దేశాల్లో 168 బడుల్లో, పదకొండు వేలకు పైగా పిల్లల మీద ఒక పరిశీలన జరిగింది. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో దాని ఫలితాలు వచ్చాయి. కొన్ని బడుల్లో పంతుళ్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నింటిలో నిపుణులు పిల్లల్ని పరీక్షించి, అవసరమైన వారిని వైద్యానికి పంపించారు. మరికొన్నింటిలో నేరుగా పిల్లలకే నేర్పారు. నాలుగు వారాల్లో మొత్తం అయిదు గంటలు. అందులో మూడు గంటలు పిల్లల చేత వేషాలు వేయించడమే. ఒకరు దిగులు పడ్డ స్నేహితుడు, ఒకరు పలకరించేవాడు. ఏడాది తర్వాత చూస్తే పిల్లలకు నేర్పిన బడుల్లో ఆత్మహత్యాయత్నాలు, ఏమీ చెయ్యని బడులతో పోలిస్తే సగానికి తక్కువగా ఉన్నాయి. మిగతా రెండు పద్ధతులకూ అంత ఫలితం కనిపించలేదు.

ఐరోపా సంగతి మనకెందుకు అంటారా? సరే, బీహార్ చూద్దాం. నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇలాంటి పనే చేశారు. 2018లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని బడుల్లో ఉన్న పంతులుగారికే ఈ పని అప్పగించారు. కొన్నింటిలో ఈ పని కోసమే ఒక మనిషిని పెట్టారు. డాక్టరేమీ కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు మనిషి. ఆ మనిషి ఉన్న బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించడం తగ్గింది. పంతులుగారికి అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇందులో పంతుళ్ల తప్పు వెతకనక్కర్లేదు. పొద్దున బెత్తం పట్టుకుని లెక్కలు చెప్పిన మనిషి దగ్గరకు వెళ్లి సాయంత్రం గుండె విప్పమంటే ఏ పిల్లాడు విప్పుతాడు? పైగా హాజరు యాప్, మధ్యాహ్న భోజనం, ఓటర్ల జాబితా అన్నీ వాళ్ల నెత్తినే ఉన్నాయి.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2014 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన కౌమార ఆరోగ్య కార్యక్రమంలో గ్రామానికి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలను తోటి పిల్లలకు చెప్పేవారిగా ఎంపిక చేయాలని ఉంది. చెప్పాల్సిన విషయాల్లో మనసు ఆరోగ్యం ఒకటి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు పంతుళ్లు, తరగతికి ఇద్దరు పిల్లలు ఈ పని చూడాలని ఉంది. మీ ఊళ్లో ఆ నలుగురు పిల్లలు ఎవరో ఆశా కార్యకర్తను ఒకసారి అడగండి. మీ అబ్బాయి తరగతిలో ఆ ఇద్దరు ఎవరో అబ్బాయినే అడగండి. చెప్పగలిగితే సంతోషం. చెప్పలేకపోతే పాఠశాల కమిటీ సమావేశంలో లేచి అడగండి. ఆ సమావేశానికి మనం వెళ్లి సంతకం పెట్టి టీ తాగి వచ్చేస్తున్నాం.

సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖలో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి 2023 జులైలో చనిపోతే, ఆ కేసులో 2025 జులై 25న తీర్పు ఇస్తూ దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సాయం చేసే ఫోను నంబరు హాస్టల్లో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. మన పిల్లల్ని గుంటూరు, విజయవాడ కాలేజీల్లో లక్షలు పోసి చేర్పించేటప్పుడు ర్యాంకులు అడుగుతాం, ఏసీ గదులా కాదా అని అడుగుతాం. కౌన్సెలర్ ఎవరండీ, ఒకసారి చూపించండి అని అడిగిన తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక పిల్లలకు నేర్పాల్సింది ఏమిటి? వాళ్లను చిన్న డాక్టర్లను చెయ్యమని కాదు. ఆ బరువు వాళ్ల మీద పెట్టకూడదు. పలకరించడం, వినడం, ఒంటరిగా వదలకుండా పెద్దవాళ్లకు చెప్పడం. అంతవరకే వాళ్ల పని. ‘ఏరా, నాలుగు రోజుల నుంచి అదోలా ఉన్నావు’ అని అడగాలి. అనుమానంగా ఉంటే ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగానే అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన భయం. అది ఉత్త భయమని మనోవైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అడిగినందుకు ఆ పిల్లవాడికి ప్రాణం తెరిపిన పడుతుంది. విన్న తర్వాత ‘ఇంతేనా, నాకైతే ఇంకా ఎన్ని కష్టాలో’ అనకూడదు. ఇది నోటిమాటగా చెబితే రాదు. నాటకం రిహార్సల్ మాదిరిగా పదిసార్లు పైకి అని చూస్తేనే వస్తుంది. మన ఊళ్లలో వినాయక చవితికి నాటికలు వేసే కుర్రాళ్లకు ఇది కొత్త విద్యేం కాదు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. పిల్లవాడు ఒట్టు తీసి గట్టున పెట్టి మన దగ్గరకు వచ్చాడనుకోండి. మనమేం చేస్తాం? నిజం చెప్పుకుందాం. ‘వాడికేం తక్కువైందట?’ అంటాం. ‘నాలుగు తగిలిస్తే దిగుతుంది’ అంటాం. ఆడపిల్లయితే ‘ఎవడితోనో మాట్లాడుతోంది, పెళ్లి చేసి పంపండి’ అంటాం. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. సాయంత్రానికి రచ్చబండ దగ్గర నలుగురి నోళ్లలో పడుతుంది. ఇంకోసారి ఏ పిల్లాడైనా వచ్చి చెబుతాడా? చెరువు కట్ట మీద మాట చెరువు కట్ట మీదే ఉండిపోతుంది.

ఒక హాస్టల్లో జరిగింది చెబుతాను. అది కూడా మన జిల్లాలోనే. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల ఒకతె రాత్రి బాగా పొద్దుపోయాక వంటామె దగ్గరకు వచ్చింది. ‘పెద్దమ్మా, మా గదిలో అమ్మాయి బతకనంటోంది. ఎవరికీ చెప్పొద్దంది. నాకు భయమేస్తోంది’ అంది. వంటామె నిశానీ వేసే మనిషి. కేకలు పెట్టలేదు, అందరినీ లేపలేదు. లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ‘నిద్ర పట్టట్లేదా అమ్మా, నాకూ పట్టట్లేదు’ అంది. తెల్లవార్లూ కబుర్లు చెబుతూ కూర్చుంది. పొద్దున్నే వార్డెనమ్మకు చెప్పి, తల్లిని పిలిపించారు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి గుంటూరు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లారు. కొన్ని నెలలు మందులు వాడింది. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. చెప్పిన స్నేహితురాలితో రెండు నెలలు మాట్లాడలేదట. తర్వాత తనే వెళ్లి మాట్లాడిందట. ఆ వంటామెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఇస్తే ఆమె ఇంకెంతమందికి నేర్పేదో!

పోలీసు కేసవుతుందని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి వైద్యం, ఆదరణ అందించాలని అది చెబుతోంది. యత్నానికి శిక్ష వేసే పాత 309 సెక్షన్ 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు. కాబట్టి ఆ భయం వదిలిపెట్టవచ్చు. పురుగుమందు డబ్బాలు మంచం కింద, వసారాలో పెట్టే అలవాటు కూడా వదిలిపెట్టాలి. వాటికి తాళం వేసిన పెట్టె ఉండాలి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. ఆ క్షణం గడిస్తే నిలబడే ప్రాణాలు చాలా ఉంటాయి.

14416. టెలిమానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. దిగులు పడ్డవాళ్లే చెయ్యాలని లేదు. పక్కనున్న స్నేహితుడు కూడా చేసి ఏం చెయ్యాలో అడగొచ్చు.

షామియానా గుంజకు ఆనుకున్న ఆ పిల్లవాణ్ని మొన్న దసరాకు కలిశాను. ఇంటర్ పూర్తి చేశాడు, తండ్రితో పాటు మిరప చేనుకు వెళ్తున్నాడు. ‘తప్పు నీది కాదురా. నీకు నేర్పని మాది’ అని అప్పుడు చెప్పలేని మాట ఇప్పుడు చెప్పాను. తల వంచుకుని విన్నాడు. నమ్మాడో లేదో తెలియదు. వాణ్ని కూడా గుంటూరు తీసుకెళ్లి ఒకసారి చూపించాలని వాళ్ల నాన్నతో అన్నాను. ‘వాడికేమైంది, బాగానే ఉన్నాడుగా’ అన్నాడాయన. మళ్లీ అడుగుతాను.

వాడూ నేనూ కలిసి ఊళ్లో పాలకేంద్రం గోడ మీద 14416 అని నీలిరంగుతో పెద్దగా రాశాం. నెల తిరక్కుండా దాని మీద ఎవరో సినిమా పోస్టరు అంటించారు. ఈసారి బడి గోడ మీద రాస్తామని హెడ్మాస్టరు గారిని అడిగాం. పైవాళ్లను కనుక్కుని చెబుతానన్నారు.