నీరసాన్ని ఎండ మీదకు నెట్టేయొద్దు

కువైట్‌లో పనిచేసే తెలుగువాళ్ళు ఒంట్లో బాగోలేనప్పుడు చెప్పుకునే కారణాలు సాధారణంగా మూడు: ఎండ, పని, ఇంటి మీద బెంగ. మూడూ నిజమే. 2016 జులైలో అక్కడి మిత్రిబాలో నమోదైన వేడిని ప్రపంచ వాతావరణ సంస్థ 53.9 డిగ్రీలుగా ఖరారు చేసింది. ఆసియా ఖండానికంతటికీ అదే రికార్డు. పని సంగతి వేరే చెప్పక్కర్లేదు. కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామందికి తెల్లవారకముందు మొదలైన పని అర్ధరాత్రికి గానీ తెమలదు. పిల్లల్ని అమ్మమ్మకో నాయనమ్మకో అప్పగించి వెళ్ళిన తల్లికి బెంగ లేకుండా ఎలా ఉంటుంది? కానీ నీరసం, ఆయాసం, గుండె దడ, కళ్ళు తిరగడం వచ్చినప్పుడల్లా నెపాన్ని ఈ మూడింటి మీదకే నెట్టేయడం వల్ల రక్తంలో ఉన్న లోపం ఏళ్ళ తరబడి బయటపడకుండా పోతోంది. రెండు వారాలు దాటినా తగ్గని నీరసాన్ని ఓర్చుకోకూడదు, రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్ష విమానం ఎక్కకముందు ఒకసారి, అక్కడికి చేరాక ఏడాదికి ఒకసారి జరగాలి. దాన్ని అలవాటుగా మార్చే బాధ్యత మన సంఘాలదీ, మన ప్రభుత్వాలదీ.

ఇంత గట్టిగా చెప్పడానికి ఆధారం మన ఊళ్ళలోనే ఉంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెల మీద నిపుణుల అభ్యంతరం ఒకటుంది. సర్వేలో వేలికొన నుంచి తీసిన రక్తపు బొట్టును పరీక్షించారు, నరం నుంచి తీసిన రక్తాన్ని ల్యాబ్‌లో చూస్తే శాతం ఇంత రాదని వారంటారు. అది పట్టించుకోదగ్గ మాటే. కానీ అంకెను సగానికి సగం కోసేసినా నలుగురు ఆడవాళ్ళలో ఒకరికి పైగానే రక్తం తక్కువ ఉన్నట్టు లెక్క. ఊళ్ళో ఉన్న ఆ లోపం విమానం ఎక్కితే పోదు. పైగా పదో తరగతి పాసవని మహిళలు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలన్నది భారత ప్రభుత్వ నిబంధన. కాబట్టి నిబంధన ప్రకారం వెళ్ళేవారిలో ఎక్కువమంది 30 నుంచి 50 ఏళ్ళ మధ్యవారే అవుతారు. గర్భసంచిలో గడ్డలు, నెలసరిలో అధిక రక్తస్రావం ఎక్కువగా కనిపించే వయసు సరిగ్గా అదే. నెలనెలా పోయే రక్తానికి తగ్గ తిండి దొరక్కపోవడం, అన్నం తిన్న వెంటనే టీ తాగడం కూడా తోడైతే శరీరంలో ఇనుము నిల్వలు అడుగంటడానికి ఎంతో కాలం పట్టదు. టీలోని పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వవు.

మరి ఎండ నీరసాన్నీ రక్తహీనత నీరసాన్నీ వేరుచేసేది ఎలా? ఒక్క లక్షణంతో తేల్చడం కష్టం, నాలుగైదు కలిపి చూస్తే మాత్రం అనుమానం బలపడుతుంది. ఎండ వల్ల వచ్చిన అలసట నీళ్ళు తాగి, చల్లటి గదిలో రాత్రంతా నిద్రపోతే చాలావరకు తీరుతుంది. రక్తం తక్కువైనప్పుడు నిద్ర లేచేసరికే ఒళ్ళు బరువుగా ఉంటుంది. డిసెంబర్, జనవరిలో కువైట్‌లో రాత్రులు బాగా చలిగా ఉంటాయి. ఆ రోజుల్లోనూ మూడంతస్తుల ఇంట్లో బట్టల బుట్ట పట్టుకుని మెట్లెక్కుతూ మధ్యలో ఆగి రొప్పాల్సి వస్తే ఆ తప్పు ఎండది కాదు. అద్దం ముందు నిలబడి కింది కనురెప్పను వేలితో లాగి చూడాలి. లోపలి పొర ఎర్రగా ఉండాలి, పాలిపోయి ఉంటే అది హెచ్చరిక. మన ఒంటి రంగుల్లో ముఖం పాలిపోవడం వెంటనే కనిపించదు కనుక కనురెప్ప, నాలుక, అరచేతి గీతలు చూడటమే మేలు. గోళ్ళు పెళుసుబారి చెంచాలా గుంటపడటం, నోటి మూలలు పగలడం, నాలుక నున్నగా మారి మండటం, జుట్టు ఊడిపోవడం, రాత్రి పడుకోగానే కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం కూడా ఇనుము తగ్గినప్పుడు కనిపించేవే. మన ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పని లక్షణం మరొకటి ఉంది. పచ్చి బియ్యం బొక్కాలని, మట్టి వాసన చూడాలని, బలపాలు కొరకాలని, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు అదేపనిగా నమలాలని అనిపిస్తుంది. దాన్ని చెడ్డ అలవాటని తిట్టి వదిలేస్తాం. ఇనుము లోపానికి వైద్యులు గుర్తించిన పాత ఆనవాలు అది.

మగవాళ్ళు ఇది తమ సంగతి కాదనుకోకూడదు. నెలసరి లేని మగమనిషిలో ఇనుము తగ్గిందంటే లోపల ఎక్కడో రక్తం కారుతోందేమోనని వెతకాల్సిందే. మొలలు, కడుపులో పుండు, పేగుల్లో గడ్డ, వీటిలో ఏదైనా కావచ్చు. నడుం నొప్పికీ మోకాళ్ళ నొప్పికీ రోజూ నొప్పిమాత్ర వేసుకుంటూ పనిలోకి దిగే భవన కార్మికులు మన క్యాంపుల్లో ఉన్నారు. ఆ మాత్రల్లో కొన్ని కడుపు లోపలి పొరను దెబ్బతీసి రక్తస్రావం తెస్తాయి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే అది రక్తమే కావచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి. ఇక అరికాళ్ళలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం, నడకలో తూలడం నీరసంతో పాటు ఉంటే బి12 విటమిన్ లోపాన్ని అనుమానించాలి. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ మాంసం, పాలు ముట్టనివారిలోనూ ఇది ఎక్కువ. ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

పుట్టుకతో వచ్చే రక్త రుగ్మతల విషయంలో కువైట్ మనకు పరాయి చోటేమీ కాదు. ఎర్రకణం కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ అరేబియా తూర్పు తీరంలోనూ ఉంది. రెండు చోట్లా కనిపించే జన్యు మార్పుది ఒకే వంశం, అందుకే శాస్త్రవేత్తలు దాన్ని అరబ్–ఇండియన్ రకమని పిలుస్తారు. ఈ రకంలో పిండదశ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగలడం వల్ల జబ్బు కొంత నెమ్మదిగా ఉంటుంది. నెమ్మదిగా ఉందంటే హాని లేదని కాదు. తుంటి ఎముకకు రక్తం అందక అది చచ్చుబడటాన్ని కువైట్ వైద్యులు ఇలాంటి రోగుల్లోనే గమనించి రాశారు. వివాహానికి ముందు వైద్యపరీక్షల కోసం కువైట్ 2008లోనే 31వ నంబరు చట్టం చేసింది, వంశపారంపర్య రక్త రుగ్మతలు ఆ పరీక్షల్లో ముఖ్యమైనవి. మేనరికాలు ఇంకా సాగుతున్న మన జిల్లాలకు అంతటి కట్టుబాటు నేటికీ లేదు. భారత ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి 2047ను గడువుగా పెట్టుకుంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. ఈ జబ్బు ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గినా, ఒక్కసారిగా చలి తగిలినా ఎముకల్లో భరించలేని నొప్పి ఎగదన్నుతుంది. కువైట్‌లో బయటి మండుటెండ నుంచి ఏసీ గదిలోకి రోజుకు పదిసార్లు తిరిగే మనిషికి ఈ రెండు ముప్పులూ ఉన్నట్టే. నొప్పితో పాటు జ్వరం, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు, 112కు ఫోన్ చేయాలి.

ఇంకో లోపం జీ6పీడీ. ఇది మన దేశంలోనూ ఉంది, గల్ఫ్‌లోనూ ఉంది. ఎక్కువగా మగవాళ్ళలో బయటపడుతుంది. మామూలు రోజుల్లో ఏ బాధా ఉండదు. ఎర్రకణాల్ని కాపాడే ఒక ఎంజైము వీరిలో తక్కువ కాబట్టి కొన్ని మందులు, కొన్ని పదార్థాలు తగిలినప్పుడు కణాలు గుంపులుగా పగిలిపోతాయి. అలాంటి పదార్థాల్లో మొదటిది ఫావా చిక్కుడు గింజ. అరబ్బుల ఇళ్ళల్లో, హోటళ్ళలో పొద్దుటి పూట ఖుబ్బూస్ రొట్టెతో తినే ఫూల్ కూరను ఉడికించేది ఆ గింజలతోనే. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండలూ ప్రమాదమే. ఆ గింజలు తిన్న ఒకటి రెండు రోజులకు మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారి, కళ్ళు పచ్చబడి, లేవలేని నీరసం వస్తే దాన్ని ఉత్త పచ్చకామెర్లనుకుని పసరు మందుల కోసం చూడకూడదు. ఏం తిన్నారో, ఏ మాత్ర వేసుకున్నారో డాక్టర్‌కు చెబితే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

రక్తపరీక్ష చేయించుకోవాలన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే: ఇంత హడావిడి ఎందుకు, ఊరి నుంచి వచ్చేవాళ్ళతో ఐరన్ మాత్రలు తెప్పించుకుని మింగితే పోలేదా? పోదు. రక్తం తక్కువ కావడానికి కారణాలు చాలా, మందులూ వేరు. థలసీమియా అనే వంశపారంపర్య రక్త రుగ్మత వాహకుల్లో ఎర్రకణాలు చిన్నగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కాస్త తగ్గుతుంది, ఇనుము మాత్రం సరిపడా ఉండవచ్చు. వారికి ఏళ్ళ తరబడి ఐరన్ మింగించడం వృథా, ఒక్కోసారి హాని. బి12 లోపానికి ఐరన్ పనిచేయదు. లోపల రక్తం కారుతున్నవారికి మాత్ర తాత్కాలికంగా ఊరటనిచ్చి అసలు జబ్బును దాచిపెడుతుంది. లోపమేదో తెలిసినప్పుడు మాత్రం చికిత్స ఎంత తేలికో చెప్పడానికి మన గోదావరి మనిషే ఉదాహరణ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అప్పటిదాకా ప్రాణాలు తీసిన ఒక తరహా రక్తహీనతకు ఆ చిన్న మాత్ర మందైంది. ఇనుము లోపమైతే సరైన మోతాదులో మందు మొదలుపెట్టిన నెలలోపే హిమోగ్లోబిన్ పెరగడం కనిపిస్తుంది, మామూలు స్థాయికి వచ్చాక కూడా ఇంచుమించు మూడు నెలలు ఆపకుండా వాడాలి.

రెండో అభ్యంతరం బరువైనది. జబ్బు ఉందని తెలిస్తే యజమాని పంపించేస్తాడేమో, అప్పు తీరకముందే ఇంటికి రావాలేమో అన్న భయం. దీన్ని కొట్టిపారేయలేం. అందుకే మొదటి పరీక్ష ఊళ్ళోనే, వీసాకు ముందే జరగాలంటున్నాను. అప్పుడు తేలిన ఇనుము లోపాన్ని రెండు మూడు నెలల్లో చాలావరకు సరిచేసుకుని వెళ్ళవచ్చు. గల్ఫ్ ప్రయాణానికి చేసే మెడికల్ టెస్టు ప్రధానంగా అంటువ్యాధుల్ని పట్టుకోవడానికి, అందులో ఫిట్ అని వచ్చినంత మాత్రాన రక్తం సరిపడా ఉందని ధీమా పడకూడదు. రక్తహీనత అంటువ్యాధి కాదు, చాలామందిలో నయమయ్యేది. దాచిపెట్టిన మనిషి ఒకరోజు మెట్ల మీద కళ్ళు తిరిగి పడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఖర్చు విషయానికి వస్తే, 2022 డిసెంబర్‌లో కువైట్ ప్రభుత్వం విదేశీయులకు క్లినిక్‌లో మందులకు 5 దీనార్లు, ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో 10 దీనార్లు రుసుము పెట్టింది. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. అలాంటి జీతంలో 10 దీనార్లు ఆరో వంతు. అయితే 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారి వైద్యం బాధ్యతను యజమాని మీదే పెట్టింది, వారానికో సెలవు కూడా ఇచ్చింది. ఆ హక్కు ఉందని తెలియనివారు దాన్ని అడగలేరు.

ప్రభుత్వాల వరుస చూస్తే శ్రద్ధ అంతా చివరి అంకం మీదే ఉంది. కేంద్రం నడిపే ప్రవాసీ భారతీయ బీమా ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించింది. రెండూ అవసరమే. కానీ బతికున్నప్పుడు ఒక సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్షకయ్యే ఖర్చు వీటి ముందు ఏపాటిది? ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో అరగంట దీనికి కేటాయించాలి. కడప, రాజంపేట, రాయచోటి, భీమవరం, అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో గల్ఫ్ వెళ్ళేవారికి సీబీసీ, మొదటిసారి వెళ్ళేవారికి సికిల్, థలసీమియా పరీక్ష ఉచితంగా చేసి, ఫలితాన్ని తెలుగులోనూ అరబ్బీలోనూ రాసి కార్డు ఇవ్వాలి. ఆ కాగితం వారి చేతికే ఇవ్వాలి తప్ప ఏజెంటుకు కాదు. కువైట్‌లోని మన సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ సభలు ఘనంగా జరుపుతాయి, రక్తదాన శిబిరాలు పెడతాయి. రక్తం ఇచ్చే శిబిరంతో పాటే రక్తం చూసే శిబిరమూ శుక్రవారం నాడు, మనవాళ్ళు పోగయ్యే మాలియాలో, ఫర్వానియాలో పెట్టాలి. సెలవు దొరకని ఆడవాళ్ళకు ఫోన్‌లో తెలుగులో సలహా చెప్పే ఏర్పాటు ఉండాలి. యజమానురాలితో చెప్పుకోవడానికి ‘తహ్లీల్ దమ్’, అంటే రక్తపరీక్ష, అన్న మాటైనా వారికి నేర్పాలి.

కువైట్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ ఒక్క విన్నపం. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12, మగవాళ్ళకు 13 గ్రాముల కంటే తక్కువ ఉండకూడదు. మీ అంకె ఎంతో మీకు తెలియకపోతే ఈ నెలలోనే తెలుసుకోండి. ఊళ్ళో ఉన్నవారు డబ్బు అందిందా అని అడిగే ఫోన్‌లోనే, రక్తపరీక్ష చేయించుకున్నావా అని కూడా అడగండి.